నాలుగంగుళాలు

పుదుపేటలో తలుపులు ఉట్టి తలుపులుగానే అమ్ముతారు.
కారుండదు.
ఫియట్ ఎడమది, అంబాసిడర్ కుడిది,
కసాయి కొట్లో పక్కటెముకల్లా కొక్కేలకు.
కూవం మీంచి గాలొస్తే
అన్నీ ఒకేసారి తెరుచుకోబోయి ఆగిపోతాయి.

ఆ సందు చివర దస్తగిరి షెడ్డు.
వాళ్ళ నాన్న నెల్లూరు ట్రంకు రోడ్డులో దర్జీ.
ఈయన పైజమా దగ్గర కత్తిరింపు మొదలెట్టి
బానెట్ దాకా వచ్చాడు.
డిజైనర్ అంటే నవ్వుతాడు:
"డిజైనరేంది మే, ఆల్టరేషన్ చేస్తా."

పెరంబూరు మెర్విన్ అంకుల్ తెచ్చింది స్టాండర్డ్ హెరాల్డ్,
రెండు తలుపులది, ఈ ఊళ్ళోనే పుట్టిన బండి.
పద్నాలుగేళ్ళప్పుడు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో
చినిగిన పత్రికలో ఒక బొమ్మ చూశాడట.
కప్పు కుదించిన కారు,
ఎండలోకి కళ్ళు చికిలించినట్టు.
పత్రిక పోయింది. ఆ చూపు మాత్రం
యాభై ఏళ్ళు జేబులో పెట్టుకు తిరిగాడు.

దస్తగిరి దర్జీ సుద్ద తీశాడు.
గచ్చు మీద నిండు కారంత గీత.
"ఇక్కడ చంక ఎక్కువైంది. ఇక్కడ నడుం లేదు."
మడమతో చెరిపి మళ్ళీ గీశాడు.
మూడు రోజులు ఆ గీతను తొక్కకుండా
టీ కుర్రాడు గెంతుతూ వచ్చాడు.

నాలుగో రోజు కోశాడు.
ఆరు స్తంభాలు, ఒక్కొక్కటీ నాలుగంగుళాలు.
ఆ రాత్రే వాన.
హెరాల్డ్ మీద అంబాసిడర్ కప్పు బోర్లించి
నలుగురం దాని కిందే కూర్చున్నాం.

కప్పు తిరిగి పెడితే కలవలేదు.
కింద వెడల్పు, పైన ఇరుకు;
పొట్టి చేస్తే కుట్టు పక్కకు జరుగుతుంది కదా.
కప్పునే నాలుగు చేసి
మధ్యలో పద్మిని రేకు ముక్క వేశాడు.
వెనకద్దం కొయ్యరాదు, దాన్ని పడుకోబెట్టాడు.
అతుకుల మీద సీసం కరిగించి
చెక్కతో వెన్నలా రాశాడు.
పుట్టీ పూయడు.
"పుట్టీ అబద్ధం" అంటాడు.
"మరి సీసం?"
"అదీ అబద్ధమే. బరువుంటుంది."

మెర్విన్ అంకుల్ ఎక్కి కూర్చుంటే తల తగిలింది.
"ముసలితనానికి పొట్టవుతాననుకున్నా,
ఇంకా రెండంగుళాలు బాకీ."
నేలను రెండంగుళాలు దించారు.

నేను గీతల మనిషిని.
రెడ్‌హిల్స్‌లో లారీల వెనక చిలకలేసిన చెయ్యి.
నేరేడు రంగు ఆరాక, ఉడత తోక కుంచెతో
ముందు దీపం నుంచి వెనక దీపం దాకా మీగడ గీత.
గాలి బిగబట్టి నడవాలి, కారు పక్కనే.
ఎడమ హ్యాండిల్ దగ్గర
ఎవడో ఎయిర్ హారన్ పరీక్షించాడు.
వెంట్రుకంత వణికింది.
తుడవబోతే దస్తగిరి గోరు అడ్డం పెట్టాడు.
"ఉండనీ. చేత్తో కుట్టిందని తెలియాలి గదా."

ఆర్టీవో ఇన్‌స్పెక్టర్ టేపు పట్టాడు.
పుస్తకంలో ఎత్తు నాలుగడుగుల నాలుగంగుళాలు.
"ఇక్కడ నాలుగడుగులే.
మిగతాది ఎక్కడయ్యా?"
దస్తగిరి లోపలికి వెళ్ళి
తీగతో కట్టిన ఆరు ముక్కలు తెచ్చి
ఆయన అరచేతిలో పెట్టాడు.
ఆయన కొలిచాడు. లెక్క సరిపోయింది.
సంతకం పెట్టలేదు.

బండి షెడ్డులోనే ఉంది.
ఆదివారం ఆదివారం మెర్విన్ అంకుల్ వచ్చి
తాళం తిప్పడు, ఊరికే కూర్చుంటాడు,
ఆ సన్నటి అద్దంలోంచి
వేలాడే తలుపుల సందును
కళ్ళు చికిలించి చూస్తూ.

ముక్కల్లో ఒకటి నా దగ్గరుంది.
గీసేప్పుడు మణికట్టు కింద పెట్టుకుంటా.
వానాకాలం దానికి కాస్త నూనె రాస్తా.