అరవై నాలుగు

జూలై. ఇక్కడ నడి చలికాలం.
ఉరుగ్వే పటంలో ఈ ఊరిని వెతకొద్దు,
రైలు ఆగడం మానేశాక పటాలూ మానేశాయి.
తెల్లారకముందే నలభై గుర్రాలు
మంచు కరకరలాడే మట్టిదారిన వెళ్లాయి.
యాభై కిలోమీటర్లు కాళ్లకింద వేసుకుని
ఇప్పుడు తిరిగొస్తున్నాయి,
దేని ఆవిరిలో అది దాక్కుని.

నా పని చిన్నది.
ఎడమ మోచేతి వెనక స్టెతస్కోపు ఆనించడం,
పదిహేను సెకన్లు లెక్కపెట్టడం,
నాలుగుతో హెచ్చవేయడం.
అరవై నాలుగు దాటితే గుర్రం ఇంటికి.
డాక్టర్ ఒలస్కోగా అంటుంది,
"గుండెకి అబద్ధం రాదు. వినేవాళ్లకి వచ్చు."

సోర్సాల్ వచ్చింది. పాటపిట్ట పేరు పెట్టుకున్న
బూడిదరంగు గుర్రం. వెంట బెంతాన్‌కూర్,
ఎనిమిది నెలలుగా దానికన్నా ముందు లేచినవాడు.
మొదట నడిపించాడు. తర్వాత ఇసుకలో.
తర్వాత ఏటి గట్టు ఎక్కించి దించి, ఎక్కించి దించి.
"కండ తొందరగా వస్తుంది," అన్నాడొకసారి, మాతే పీలుస్తూ,
"గుండె ఆలస్యంగా. ఎముక అన్నిటికన్నా చివర.
ఎముకని అడక్కుండా పరిగెత్తించేవాడు
గుర్రం మీద కాదు, అప్పు మీద ఎక్కినట్టు."

ఆ చర్మం కింద జరిగేది పుస్తకాల్లో చదివాను.
చెవికి తగిలింది వేరు.
పరుగు మొదలవగానే ప్లీహం తడిగుడ్డలా పిండుకుని
దాచిన ఎర్రకణాలన్నీ దారిలో పోసేస్తుంది,
పెళ్లికి గాదె ఖాళీ చేసినట్టు.
దౌడులో ఊపిరి కాళ్లకి కట్టేసి ఉంటుంది,
ముంగాళ్లు ఆనితే బయటికి, లేస్తే లోపలికి.
నోటితో పీల్చే దారి పుట్టుకతోనే లేదు.
ఉన్నవల్లా ఆ రెండు ముక్కురంధ్రాలు,
లోపల ఎర్రగా, పొయ్యి నోళ్లలా.

ఇక చెమట.
నీళ్లొకటే పోతే దాహం లేస్తుంది.
ఉప్పూ నీళ్లూ చేతులు పట్టుకుని పోతే
ఒంటికి నష్టం లెక్క తెలీదు.
సోర్సాల్ ముందు బకెట్ పెట్టారు.
మూతి తిప్పుకుంది.

పంతొమ్మిది. డెబ్బై ఆరు.
చన్నీళ్లు పోశారు, గీకారు, మళ్లీ పోశారు.
పదిహేడు. అరవై ఎనిమిది.
యజమాని అరిస్‌మెండి గడియారాన్ని
చూపుతో తోస్తున్నాడు.
బెంతాన్‌కూర్ మెడ మీద చర్మం గిల్లి వదిలాడు.
గిల్లిన మడత అలాగే నిలబడింది.
చిగురు మీద బొటనవేలు నొక్కాడు.
తెల్లమచ్చ ఎరుపెక్కడానికి
మనిషి ఒక నిట్టూర్పు విడిచేంత సేపు.

ఆఖరిసారి నేను విన్నాను.
పక్కన ఆడగుర్రమొకటి సకిలించింది.
చివరి చప్పుడు సరిగ్గా సెకను గడప మీద పడింది,
లోపలో బయటో.
"పదహారు," అన్నాను.

"అరవై నాలుగు!" అరిస్‌మెండి టోపీ ఎగిరింది.
కాగితం మీద ముద్ర పడింది.
బెంతాన్‌కూర్ మాత్రం డొక్కకి చెవి ఆనించి
చాలాసేపు అలాగే ఉండిపోయాడు,
గోడ అవతల పసిపిల్ల ఏడుపు ఆగితే
తల్లి వినేటట్టు.
తర్వాత నంబరు గుడ్డ ముడి విప్పాడు.
నాలుగుగా మడిచి
అరిస్‌మెండి చేతిలో పెట్టాడు.
ఏం మాటలు పడ్డాయో ఇక్కడ రాయను.
ట్రక్కు ఒక్కటే వెళ్లిపోయింది.

నా వైపు చూడలేదు.
పదహారా, పదిహేడా అని అడగలేదు.

సాయంత్రం, గుడారాలు విప్పుతుంటే, పిలిచాడు.
ఉప్పు కలిపిన తవుడు జావ గడ్డానికి అంటుకుని
సోర్సాల్ నీళ్లు తాగుతోంది, పెద్ద గుక్కలు,
గుక్కగుక్కకీ చెవులు ముందుకూ వెనక్కూ.
"ఇక్కడ," అన్నాడు, డొక్క చూపిస్తూ.
చెవి పెట్టాను.
లోపలెక్కడో గుడగుడ,
దూరపు ఉరుములా, వంటింట్లో సణుగుడులా.
అలవాటు కొద్దీ గుండె దగ్గరికీ జరిగాను.
తొమ్మిది.
ఈసారి గడప మీద ఏదీ పడలేదు.
"ముప్పై ఆరు," అన్నాను.

కాగితాలు అప్పటికే కట్టేశారు.