ఏ వాన?

అఫ్జల్‌గంజ్‌ల బస్సు దిగి
మూసీ వాసనకు చున్నీ అడ్డం పెట్టుకొని
లైబ్రరీ మెట్లెక్కిన మొదటి వారం
నాకన్నీ తెలుసు.
ఐదు వందల యాభై ఒకటి అంటే
భూమి, గాలి, వాన.
వర్గీకరణ పేపర్ల తొంభై ఒకటి వచ్చినయి నాకు.

రిఫరెన్స్ బల్ల కాడికి ఒక పెద్దమనిషి వచ్చిండు.
చేతిల హెల్మెట్, హెల్మెట్ల టిఫిన్ డబ్బా.
"వానల మీద పుస్తకం ఉన్నదా బిడ్డా?"
ఎందుకు లేదు!
ఉరికిన. మూడు తెచ్చిన.
రుతుపవనాలు, మేఘాలు, అల్పపీడనాలు,
ఒక్కొక్కటి ఇటుకంత.
ఆయన మర్యాదగ పేజీలు తిప్పిండు,
ఎవరో తెలియనోళ్ళ పెండ్లి ఆల్బం తిప్పినట్టు.
"మంచిది బిడ్డా" అని మూసి, లేచిండు.

అప్పుడు జమీలా మేడం
జిగురు డబ్బా పక్కకు పెట్టి
కుర్చీ ఒకటి ఇటు గుంజి
"ఏ వాన, భాయ్?" అన్నది.

అంతే.
ఆయన కూసున్నడు.

వాళ్ళ నాయనమ్మ ఈదమ్మ తుగ్యానీల పుట్టిందట.
ఎప్పుడడిగినా అదే మాట చెప్పేదట:
నది ఇండ్లల్లకొచ్చిన పొద్దు.
సమాధి రాయి పగిలితే కొత్తది చెక్కిస్తున్నరు.
పుట్టిన తేదీ తెల్వకుంటే
అక్కడొక గీత పెడతనన్నడట రాయి కొట్టేటాయన.
"గీత ఎట్ల పెట్టనిస్త మేడం,
మనిషి పుట్టింది గద."

మేడంకు ఆ తేదీ తెలుసు.
ఈ ఊర్ల పుట్టి పెరిగిన మనిషి, తెల్వకుండ ఉంటదా.
అయినా నోటి మాట ఇయ్యలేదు.
పాత నివేదిక తీసింది, దుమ్ముకు తుమ్మింది,
ఫసలీ, హిజ్రీ, ఇంగ్లీషు
మూడు క్యాలెండర్లు పక్కపక్కన పరిచింది.
పేజీ మీద వేలు పెట్టి
"మీరే చదువుండ్రి" అన్నది.

ఆయన చదివిండు, పెదవులు కదిలించుకుంట.
మందుల చిట్టీ ఎనుక రాసుకున్నడు.
సెప్టెంబరు ఇరవై ఎనిమిది, సోమవారం.
వారం కూడ దొరికిందని
రెండుసార్లు అన్నడు, సోమవారం, సోమవారం.

నా మూడు ఇటుకలు నేనే మోసుకపోయి పెట్టిన.

పగటిపూట ఖట్టీ దాల్ల అన్నం కలుపుకుంట చెప్పేది మేడం.
మనుషులు అడిగేది తలుపు, ఇల్లు కాదు.
దేనికి అని అడగకు, అది పోలీసోళ్ళ మాట.
ఎట్లాంటిది కావాలె అని అడుగు.
పెన్ను కింద పెట్టి విను.
వైద్య నిఘంటువు తీసుకున్న పిల్ల
ఏ పేజీ కాడ ఆగిందో
నువ్వు చూడలేదు.
సమజయిందా? చూడలేదు.

తెల్వదు అనుడు నేర్సుకునేతందుకు
నాకు ఆరు నెలలు పట్టింది.
తెల్వదు ఎనుక చుక్క పెట్టకుండ ఉండేతందుకు
ఇంకో ఆరు.

ఇప్పటి పోరగాండ్లు ఫోన్ చూపెడతరు,
"ఇండ్ల ఉన్నది మేడం."
ఉంటది, కాదన.
ఎవరు చెప్పిండ్రు, ఎన్నడు చెప్పిండ్రు,
చూసి చెప్పిండ్రా, విని చెప్పిండ్రా,
అని ఇద్దరం కలిసి అదే ఫోన్ల వెతుకుతం.
ఒకోసారి వాళ్ళదే నిజమైతది.
ఆ రోజు నేను చాయ్ తాగిపిస్త.

బల్ల సొరుగుల పొడుగు రిజిస్టరుంటది.
తేదీ, ప్రశ్న, వెతికిన జాగలు, జవాబు.
అడిగినోళ్ళ పేరు రాయం.
అండ్ల ఒక ప్రశ్న:
పుత్లీబౌలిల ఆ బావి సరిగ్గ ఎక్కడుండె?
వెతికిన జాగలు పదకొండు,
నాలుగు మేడం చేతిరాత, ఏడు నాది.
పటాలు చూసినం, మున్సిపాలిటీ కాయితాలు చూసినం,
ఒకదాంట్ల ఉన్న బావి ఇంకోదాంట్ల లేదు.
ఇగ కాదని గీత కొట్టబోతే
మేడం నా మణికట్టు పట్టుకున్నది.
"ఖాళీగ ఉండనియ్యి."

రోజూ ఇంటికి పోయే బస్సు ఆ తొవ్వనే.
ఇప్పుడు సీటు దొరికినా కూసోను.
నిలబడితె
రెండు దిక్కులా కనపడతది.