నాలుగో గడి

సర్వే రోజుల్లో నా కూలి రోజుకి పన్నెండొందల షిల్లింగులు.
మధ్యాహ్నం రొట్టె, ఒక నీళ్ళ సీసా పైన.
మా టుర్కానా మాటని ఇంగ్లీషులోకి,
ఇంగ్లీషు మాటని టుర్కానాలోకి మొయ్యడం పని.
నీళ్ళ డబ్బా కంటే తేలికే అనుకున్నాను.

కాగితాలు రాసేవాడి పేరు కిప్రోనో. మంచివాడు.
గాలికి ఎగిరిపోకుండా
కాలి చెప్పు విప్పి వాటి మీద పెట్టాడు.
మొదటి గడిలో పేరు. రెండో గడిలో మేకలు.
మూడులో ఒంటెలు, అవి లేవు.
నాలుగో గడి దగ్గర పెన్ను ఆపి
"ఇంటి యజమాని ఎవరో అడుగు" అన్నాడు.

అడిగాను.
మా పిన్ని నకిరు నవ్వింది.
"ఏ ఇంటికి? దీనికా?
ఈ డూమ్ మట్టలు నేను కోశాను. ఆ కర్రలు నేను వంచాను.
తోలు కప్పింది నేను, తాడు పేనింది నేను.
పెళ్ళైన దగ్గర్నుంచి ఇది నా పదకొండో ఇల్లు.
ఆయన దేనికీ ఒక్క ముడి వెయ్యలేదు.
వంగి లోపలికి రావడం మాత్రం బాగా వచ్చు."

కిప్రోనో వాచీ చూసుకున్నాడు.
ఇంత పొడుగు జవాబా, ఒక్క మాటలో చెప్పమన్నాడు.

చెప్పాను.
"లొక్వావి. ఆమె భర్త."

అప్పటికి రెండేళ్ళుగా అతను మందతో ఉత్తరాన ఉన్నాడు.
బతికే ఉన్నాడని అప్పుడప్పుడూ తెలిసేది,
అదీ గాలికబురే.

అసలు గాలి సంగతి పిన్నిని ఎవరూ అడగలేదు.
కొండ మీద ఇనుప స్తంభం పాతి
మూడేళ్ళు కొలుచుకున్నారు.
ఆమె తలుపు వాయవ్యానికే ఎందుకు పెడుతుందో,
రెండో జాములో ఏ వైపు తాడు సవరించాలో,
ఏ నెల గాలికి మేకపిల్లలు చస్తాయో
రాసుకోవడానికి గడి లేదు.

రోడ్డు వెడల్పు చేశారు.
ఒక్కో లారీ మీద ఒక్కో రెక్క,
మలుపు తిరగడానికి మధ్యాహ్నమంతా పట్టేది.
మా ఇళ్ళు ఆ మలుపుకి అడ్డమన్నారు.
పడగొట్టడానికి మనుషుల్ని పంపే ఖర్చు వాళ్ళకి మిగిలింది.
పిన్ని ఒక్క పూటలో విప్పి, గాడిద మీద కట్టి,
కిలోమీటరు అవతల పన్నెండోది కట్టింది.

పరిహారం లొక్వావి ఫోనులో పడింది.
ఆ డబ్బు ఉత్తరాన ఒంటెలైంది.
ఆ ఒంటెలు ఇంకో పెళ్ళామయ్యాయి.
"ఆ పిల్లేం చేసింది పాపం" అంది పిన్ని.
"అక్కడి గాలి దానికి తెలుసో లేదో.
తలుపు ఎటు పెట్టిందో."

వాచ్‌మన్ ఉద్యోగాలు పద్నాలుగు వచ్చాయి,
పద్నాలుగు టోపీలు, పద్నాలుగు మగతలలు.
ఆడవాళ్ళకి టీ అమ్ముకునే వీలు వచ్చింది.
డ్రైవర్లకి టీ అమ్మిన అసెకోన్
లారీలు వెళ్ళిపోయిన నాలుగు నెలలకి కన్నది.
అతను చెప్పిన ఊరు ఉందో లేదో,
ఫోను మాత్రం ఇప్పటికీ మోగదు.
పిల్లాడికి ఎకువామ్ అని పెట్టుకుంది.
మా మాటలో గాలి.
కంపెనీ లెక్కలోకి రాని గాలి
మా దగ్గర అదొక్కటే.

రాత్రి కొండ నిండా ఎర్ర దీపాలు
ఒక్కసారే వెలిగి, ఒక్కసారే ఆరతాయి.
తీగలు మా నెత్తి మీదుగా నైరోబీకి పోతాయి.
నేను ఫోను చార్జింగుకి
దుకాణంలో ఇరవై షిల్లింగులు ఇస్తాను.

నిన్న ఆ ఫోనుకే కిప్రోనో మాట్లాడాడు.
రెండో విడత సర్వే ఉందట. రోజుకి పదిహేనొందలు.
ఏం చెప్పాలో తెలియక పిన్ని దగ్గరికి వెళ్ళాను.
ఆ రోజు ఆమె మాటని నేనేం చేశానో
ఇన్నాళ్ళకి నోరు విప్పి చెప్పాను.

తాడు బిగిస్తోంది. ఆపలేదు.
"నాకు తెలుసు" అంది.
"అంత సేపు నేను మాట్లాడితే
నీ నోట్లోంచి రెండు ముక్కలే వచ్చాయి కదా.
వెళ్ళు. ఈసారి మొత్తం చెప్పు.
గడి చాలకపోతే ఇంకో కాగితం అడుగు.
ముందు ఈ కొస పట్టుకో.
అటు కాదు.
గాలి వచ్చే వైపు."