ఒక ఒత్తు తేడా

అలమరా తెరవగానే కలరా ఉండల వాసన.
నాకిచ్చిన హ్యాంగర్లు నాలుగు.
ఒకదానికి ఇంకా వేలాడుతోంది
పోయిన వేసవిలో పాడి వెళ్ళిన ఎవరిదో
నల్ల రిబ్బను.
తీయలేదు. పక్కకి జరిపాను.

యాభై ఎనిమిది మెట్లెక్కితే మా గది.
ఎర్సీలియా గారి నియమం ఒక్కటే, వేలెత్తి మరీ చెప్పింది:
ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా
ఈ ఇంట్లో ఎవరూ పాడరు,
దేవుడొచ్చి అడిగినా సరే.

ఆ మూడు గంటలూ ఊరు
కిటికీ రెక్కలన్నీ మూసుకుని
ఆవంలోంచి తీసిన ఇటుకలా పడుంటుంది.
అవతలి ఇనప మంచం మీద బోరా, సియోల్ పిల్ల,
దిండులో మొహం దాచుకుని కూనిరాగం తీస్తుంది.
దాని వీపు కదలడం తప్ప
నాకేమీ వినపడదు.

నాది ఒస్త్రావా. బొగ్గు ఊరు.
మా మాటల్లో హల్లులు
పొద్దుటి ట్రాములో జనంలా తోసుకుంటూ నిలబడతాయి,
అచ్చుకి కూర్చోడానికి చోటుండదు.
ఇటలీలో ఏ మాటైనా
చివర్న ఒక అచ్చు పరుచుకుని కాళ్ళు చాపుకుంటుంది.
అంత ఖాళీలో ఏం చేయాలో తెలీక
మొదటి వారమంతా నా గొంతు
చేతులు కట్టుకు నిలబడింది.

పాఠం ఊరి బళ్ళో. సెలవులు కదా,
రెండో తరగతి గది మాకిచ్చారు.
మోకాళ్ళు గడ్డానికి తగిలే కుర్చీలు.
గోడ మీద ఎవరో గీసిన ఆవుకి ఐదు కాళ్ళు.
పియానోలో ఒక్క మెట్టు పలకదు.
నాకు భయమున్న పై స్వరమే అది!
అక్కడికొచ్చేసరికి అమెదేయో మాస్టారు
ఉత్త చెక్కని టక్కున నొక్కి
నా వైపు చూస్తాడు.
"ఇది నువ్వే తెచ్చుకోవాలి."
తేలేదు.
లిథువేనియా గింటారాస్ మర్యాదకి దగ్గాడు.

ఆ సాయంత్రమే రొట్టెల కొట్లో
దాహం వేస్తోందన్నాను. సేతే.
"సెత్తే?" అందామె.
తలూపాను. నవ్వాను కూడా.
ఏడు రొట్టెలు కట్టిచ్చింది,
నీళ్ళు మాత్రం ఇవ్వలేదు.

సేతే అంటే దాహం, సెత్తే అంటే ఏడు.
తకారానికి ఒక ఒత్తు, అంతే.
నాలిక పళ్ళ వెనక రవ్వంత ఆగితే ఏడు,
ఆగకపోతే దాహం.
నేను ఆగానా? ఆగలేదే!
భయమున్నవాళ్ళు ఆగకూడని చోటే ఆగుతారంది బోరా,
రెండో రొట్టె తుంచుతూ.

మెట్ల మీద కూర్చున్నాం ఐదుగురం.
అప్పటిదాకా ఎవరితోనూ పెదవి విప్పని ఉరుగ్వే అమ్మాయి కూడా.
రొట్టెలో ఉప్పు లేదని గింటారాస్ గొణిగాడు.
ఎర్సీలియా గారు కథంతా విని
మెట్ల కడ్డీ పట్టుకుని నవ్వి,
లోపలికెళ్ళి టమాటాలు, నూనె తెచ్చింది.
అందరిచేతా దాహం అనిపించింది. ఏడు అనిపించింది.
అందరం తప్పాం.

అప్పట్నుంచీ చీపురుకర్ర.
ఆవిడ వంటిల్లు సరిగ్గా మా గది కింద.
పాటలో నేను ఒత్తు మింగేసిన చోటల్లా
కిందనుంచి కప్పుకి ఠక్.
నోరు మూయమంటోందని రెండ్రోజులు మూసుకున్నాను కూడా.

నిన్న మధ్యాహ్నం రెండున్నరకి
సాక్సులు ఆరేస్తూ మరిచిపోయి పాడాను.
ఆ పై స్వరం వచ్చేసింది,
పిల్లి గోడెక్కినట్టు, చప్పుడు లేకుండా.
వేళ గుర్తొచ్చి బిగుసుకుపోయాను,
చేతిలో తడి సాక్సు.
ఎదురింటి కిటికీ రెక్క అంగుళం తెరుచుకుని మూసుకుంది.
కింద పళ్ళేలు కడుగుతున్న చప్పుడు ఆగింది.
మళ్ళీ మొదలైంది.

ఈ ఉదయం బళ్ళో రాలేదా స్వరం.
మాస్టారు చెక్కని నొక్కాడు.
గింటారాస్ దగ్గలేదు.

రేపు బుధవారం.
గాజు సీసాల బుట్ట వీధిలో పెట్టే వంతు నాది.
ఎర్సీలియా గారు కాగితం రాసి తలుపుకి అంటించింది:
ద్రాహొమిర్రా.
నా పేరులో లేని ఒత్తు ఒకటి వేసి.
దిద్దలేదు.
అలాగే పలికి చూసుకుంటూ దిగాను,
యాభై ఎనిమిది మెట్లూ.