నలభై ఒక్కసారి అవును

టార్టులో ఫిబ్రవరి.
నది గడ్డకట్టింది, దాని మీద ఎవరిదో సైకిలు జాడ.
కిటికీ గట్టు మీది కాఫీ చల్లారేలోగా
ఒక ఫిర్యాదు వచ్చింది, రాతలో కాదు, గొంతులో.

కిహ్ను దీవి నుంచి లెయిదా.
ఎనభై మూడేళ్ళు, చూపు లేదు.
మా గ్రంథాలయం పుస్తకాలు చెవులతో చదువుకుంటుంది.
"ప్రతి అధ్యాయం చివరా మీ చదివే మనిషి ఆగిపోతాడు, బాబూ.
ఎవరో తలుపు దాకా వచ్చారనుకుని లేస్తాను.
తీసి చూస్తే మొహానికి చలి కొడుతుంది, అంతే."

మూడున్నర సెకన్లు.
అప్పటిదాకా నాకది
పచ్చని గ్రాఫులో లేచిన ఎర్ర ముల్లు.

ఆ రాత్రి దాని వెంటే నడిచాను.
అధ్యాయం అయిపోగానే యంత్రం అడుగుతుంది:
ఎవరు నువ్వు? ఏ పుస్తకం? ఏ దేశంలో ఉన్నావు?
గడువు ఎప్పటిదాకా?
ఈ ప్రతి ఇంకెవరి చేతిలోనైనా ఉందా?
ప్రశ్న తీగల్లో పడి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా పోతుంది,
అక్కడ ముక్కూ మొహం తెలియని ప్రశ్నల వెనక
వరుసలో నిలబడుతుంది.
పద్దు తెరుచుకుంటుంది. వేలు కిందికి జారుతుంది.
అవును, అని జవాబు.
అదే దారిన వెనక్కి.

తాళం వేసి, పదడుగులు వేసి,
మళ్ళీ వచ్చి లాగి చూసే మనిషి ఉంటాడే, వాడే మా యంత్రం.
నలభై ఒక్క అధ్యాయాల నవల,
నలభై ఒక్కసారి అవును.
ఒక్కసారైనా కాదు అన్న పాపాన పోలేదు.

"తీసేద్దాం" అన్నాను కారిన్‌తో.
ఒప్పందాల ఫైళ్ళన్నీ కారిన్‌వే.
కళ్ళజోడు తీసి తుడుచుకుంది, చాలాసేపు.
"మా అమ్మ అనువాదాలు చేసేది.
ఆ పద్దులో పడ్డ గీతలే
మా ఇంట్లో చలికాలపు కట్టెలు.
వేగం కావాలంటే తీసుకో.
లెక్క మాత్రం తప్పనివ్వను."

అప్పుడు మొదలైంది అసలు పని.
మూడు వారాలు, రెండు తగాదాలు,
ఒక ఆదివారం మొత్తం నా పిచ్చి లెక్క వల్ల వృథా.

చివరికి తేలింది చిన్న సంగతే.
పుస్తకం తెరిచినప్పుడే, గడప దగ్గరే, అడగాల్సినవన్నీ అడిగి
ముద్ర వేసిన చీటీ ఒకటి చేతికివ్వాలి.
గంటసేపు చెల్లే చీటీ.
లోపలి గదులన్నీ ఆ ముద్రనే చూస్తాయి, ఫ్రాంక్‌ఫర్ట్‌ను నిద్ర లేపవు.
గంట నిండబోతుంటే కథ నడుస్తుండగానే
చాటుగా కొత్త చీటీ తెచ్చుకుంటాయి.
హక్కు రద్దయిన వాళ్ళ పేర్లు ఎప్పుడూ కొద్దే,
ఆ చిన్న జాబితా ప్రతి నిమిషం దానంతటదే వస్తుంది.
విన్న ప్రతి అధ్యాయానికీ పద్దులో గీత పడుతుంది,
కాకపోతే తర్వాత, తీరిగ్గా, కట్టగట్టి.
కారిన్ ఆ గీతలు లెక్కపెట్టింది. నిజంగానే, పెన్సిలుతో.
సరిపోయాయి.

మూడున్నర సెకన్లు
నలభై మిల్లీసెకన్లయింది.
రెప్ప వేసే లోపే గది దాటేస్తాం.
ఎర్ర ముల్లు లేదు.
కేకు తెచ్చారెవరో, నాకిష్టం లేని గసగసాలది, తిన్నాను.

మార్చిలో లెయిదా మళ్ళీ ఫోను చేసింది.
"ఇప్పుడెవరూ రావడం లేదు బాబూ, తలుపు దగ్గరికి.
బాగుంది.
కానీ పొయ్యిలో కట్టె వేసేది ఆ కాస్త సందులోనే.
నిన్న కథ పరుగెత్తుకుంటూ పోయింది,
వింటూ కూర్చున్నాను,
పొయ్యి ఆరిపోయింది."

ఏం చెప్పాలో తోచలేదు.
నవ్వితే ఆమెకు వినబడుతుంది.

ఆ సాయంత్రం ఒక మీట కలిపాను:
అధ్యాయాల మధ్య విరామం, ఎంత కావాలంటే అంత.
అందులో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు,
ప్రశ్న ఏ తీగలోకీ ఎక్కదు,
అది ఉత్త నిశ్శబ్దం.

నా కోడు చూస్తూ కారిన్ ఆ వరుస దగ్గర ఆగింది.
ఇన్నాళ్ళూ చెమటోడ్చి తీసేసిన ఆలస్యాన్ని
నువ్వే మళ్ళీ పెడుతున్నావెందుకు, అని పక్కన రాసింది.

కట్టెల కోసం, అని రాశాను.

ఇంకేం అడగలేదు.
ముద్ర వేసి పంపేసింది.