ఎనిమిదింటి క్లాసు

హెడ్డు కుర్చీతోపాటు నాకు అప్పజెప్పినవి:
పదకొండు తాళంచెవులు, అందుల మూడింటికి తాళాల్లేవు,
అరిగిన రబ్బరు స్టాంపు ఒకటి,
ఎండు మొక్కల బీరువాల చెదలు.
ఇంకా, ఏ రిజిస్టర్ల రాయనిది,
ప్రహ్లాదరావు సారుకూ కుర్మయ్యకూ నడుమ
నాలుగేండ్ల మౌనం.

హైదరాబాదుల మూడు దినాలు నాయకత్వం నేర్పిండ్రు.
ఏసీ గది. అందరి మెడలల్ల పేరుబిళ్లలు.
"మీరు చూసిన మొట్టమొదటి నాయకుడెవరు?
చీటీ మీద రాయండి" అన్నడు
టై కట్టుకున్న పిల్లగాడు.
పక్కాయన పటాలకెక్కిన పేరేదో రాసి భద్రంగ మడిచిండు.
నేను మా నాయిన పేరు రాసిన.

గుంపు మేస్త్రి.
దేవరకద్ర కాడ నలభై మందిని లారీ ఎక్కిచ్చి
భాష తెలవని కాలువల మీదికి తోలుకపోయినోడు.
తెల్లారి నాలుగింటికి ఈల.
ఈల అయినంక హాజరు.
హాజరు అయినంక
ఎవరి గడ్డపారకు ఏ నేలనో ఆయన ఇష్టం:
అడ్వాన్సు తీరనోళ్లకు బండరాయి,
అయినోళ్లకు మెత్త మట్టి.

చీటీ చదివి పిల్లగాడు చప్పట్లు కొట్టిపిచ్చిండు.
బండరాయి సంగతి నేను చెప్పలే.

అప్పటిసంది నెలకు రెండు శనివారాలు ఫోను.
కోచ్ అంటరట,
నల్లగొండల రిటైరైన హబీబుద్దీన్ సారు.
సలహా ఇయ్యడు. అడుగుతడు.
అడిగి ఊకుంటడు.
ఆయన ఊకునుడు నాకు వినొస్తది,
వాళ్లింట్ల కుక్కరు మూడో కూత దాక.

"మీటింగుల ఎవరు మాట్లాడలేదమ్మా?"
మాట్లాడినోళ్ల పేర్లు చెప్పబోయిన.
"వాళ్లు కాదు."

కుర్మయ్య మాట్లాడలే.
కాంట్రాక్టు. పదమూడేండ్లు.
ఐదు నెలల జీతం ఏదో టేబుల్ మీద పండుకున్నది.
నారాయణపేట దిక్కుకెల్లి ఫస్టు బస్సుకు వస్తడు,
టిఫిన్ డబ్బ మూత మీద మంచు ఆరకముందే.
ఏటా ఎనిమిదింటి క్లాసు ఆయనదే.
టైంటేబుల్ ఎవరు గీసినా ఆయనదే.

మొన్న జూన్ల గీసింది నేను.
పెన్సిలు గళ్లల్లకు చెయ్యి దానంతటదే పోయింది:
సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర.
చేతిరాత నాది.
ఈల నాయినది.

ఈ మాట చెప్తే ఫోన్ల చాలాసేపు సప్పుడు లేదు.
ఆ దినం కుక్కరు గూడ కూయలే.

రబ్బరు తీసుకొని తుడిచిన. కాగితం చినిగింది.
సోమ, బుధ నా పేరు రాసుకున్న.
మంగళవారం ప్రహ్లాదరావు సారును అడిగిన.
"సీనియారిటీకి అర్థమేంది మరి?" అన్నడు.
జవాబు నా నాలుక చివర్ననే ఉండె.
మింగి, మనసుల లెక్కపెట్టిన, ఏడు దాక.
ఫ్యాను తిరుగుతున్నది.
చాయ్ తెచ్చిన ఉస్మాన్ గడప మీదనే నిలబడ్డడు.
ఐదు కాడ, ఎవరం అనుకోలే,
మూల కుర్చీలకెల్లి స్నేహప్రభ చెయ్యెత్తింది:
"శుక్రవారం నాకియ్యుండ్రి మేడం. పాపను అత్తమ్మ చూసుకుంటది."

ప్రహ్లాదరావు సారు సంతకం పెట్టలే.
నమస్తే పెడితే ఇప్పటికీ గోడను చూస్తడు.
మంగళ, గురు ఇంకా కుర్మయ్యవే.
జీతం ఫైలు ఇంకో టేబుల్‌కు జరిగిందట, గంతే.

సోమవారం. పొద్దుగాల ఎనిమిది.
పదకొండు మంది పిల్లలు, ముగ్గురి జుట్టు ఇంకా తడి.
వెనక బెంచీల చూస్తె కుర్మయ్య!
"అలవాటు మేడం. కాళ్లు బస్సెక్కినయ్."

బోర్డు మీద కాండం కోసి చూపిచ్చిన బొమ్మ గీస్తున్న.
వెనక ఎవరో గొంతు సవరిచ్చుకున్నరు.
సుద్దముక్క ఆపిన. తిరగలే.
ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు

"మేడం,
ఆ బాణం ఉల్టా పడ్డది.
నీళ్లు కిందికి కాదు,
ఏరుకెల్లి పైకి పోతయ్."