పన్నెండు అంగలు

సీజన్ సగంలో ఇచ్చేశారతన్ని నెల్లిమర్ల వాళ్లు.
బదులుగా మా ఎడంచేతి ఓపెనర్ వెళ్లాడు,
వాడితో రెండు జతల ప్యాడ్లు వెళ్లాయి.
అందులో ఒక జత నాది.
అంచేత మొదటిరోజు నేనతనితో సరిగ్గా మాట్లాడలేదు.

పలాస ప్యాసింజర్ దిగి, గరివిడి స్టేషన్ నుంచి నడిచొచ్చాడు
కిల్లాడ అసిరినాయుడు.
ఫారంలో వయసు దగ్గర నలభై ఒకటి అని రాస్తే
కెప్టెన్ చదివాడు, తలెత్తి చూశాడు, మళ్లీ చదివాడు.
సంచిలో బూట్లు, నొప్పుల నూనె,
మోకాలికి చుట్టుకునే ఎర్రగుడ్డ.

"అప్పట్లో ఆడి బంతి కనబడేది కాదర్రా,
ఇనబడేది"
అన్నారు అంపైర్ గవరయ్య మేష్టారు.

నాకు కనబడింది. అదే వచ్చిన చిక్కు.
పేరున్న ఫాస్ట్ బౌలర్ కదా అని
వికెట్ల వెనక పన్నెండు అంగలు కొలిచి నిలబడ్డాను.
బంతి రెండోసారి నేలని తాకి
పొద్దుగూకి ఇంటికొచ్చే గేదెలా,
దారి తెలిసి, తొందర లేక,
నా గ్లవ్స్‌లోకి వచ్చి పడింది.

చీపురుపల్లి మీద నాలుగు ఓవర్లు, నలభై ఆరు.
రాజాం మీద మూడు, ముప్పై ఒకటి, రెండు నోబాల్స్.
బొబ్బిలి మ్యాచ్ వానకి కొట్టుకుపోయింది.
ఆ ఒక్కటీ బాగా వేశాడని మావాళ్లు నవ్వారు.
నేనూ నవ్వాను.

ఫాస్ట్ బౌలర్‌కి కీపర్ వికెట్ల దగ్గరికి రావడమంటే
ఆడినవాళ్లకి చెప్పక్కర్లేదు.
అత్త బతికుండగానే
తాళాలు కోడలి బొడ్లో దోపడం.
అందుకే మ్యాచ్‌కో అంగ చొప్పున జరిగాను, దొంగలా.
పదకొండు. పది. తొమ్మిదిన్నర.
అతను చూడనట్టే బూటు లేసు బిగించుకునేవాడు.

తర్వాత మా గ్రౌండులోనే, నెల్లిమర్లతో.
ఫ్యాక్టరీ బూడిద కలిసిన నల్లమన్ను అది,
ఒకసారి పడ్డవాడి తెల్లప్యాంటు మళ్లీ తెల్లగా ఉండదు.
నా ప్యాడ్లు కట్టుకొచ్చిన మా పాత ఓపెనర్
అతన్ని వరసగా రెండు ఫోర్లు కొట్టాడు,
ఒక సింగిల్ తీసి అవతలికి పోయాడు.

మర్నాటి బంతికి కాదు గానీ, ఆ పై బంతికి
అసిరినాయుడు పరుగు మధ్యలో ఆగిపోయాడు.
నడుం మీద చెయ్యి. మోకాలనుకున్నాం అందరం.

"ఏటి బావూ, అంత దూరంల
మావిడికాయలు కోత్తన్నావేటి?
దగ్గిరికి రా!"

అరిచే అన్నాడు,
వాళ్ల డేరా కింద కూచున్నవాళ్లకి కూడా వినబడాలని.
డేరా నవ్వింది. అతను నవ్వలేదు.
హెల్మెట్ తెప్పించుకోనా అని సైగ చేశాను.
"దేనికి? నిన్ను కొడతానేటి నాను?"

పరుగు నాలుగంగలకి కుదించాడు.
వేళ్లు కుట్టుకి అడ్డంగా.
బంతి పడి, కాస్త ఆగింది,
నిజంగా ఆగిందనే ఇప్పటికీ అంటాను.
ముందు బ్యాటు వెళ్లిపోయింది,
బ్యాటు వెంట మనిషి వెళ్లిపోయాడు,
బంతి నా దగ్గరుంది,
బెయిల్స్ నల్లమన్నులో ఉన్నాయి.

నాలుగు ఓవర్లు, పంతొమ్మిది, ఒకటి.
మ్యాచ్ ఓడిపోయాం.
గెలుపు పరుగు నా ప్యాడ్లే తీశాయి.

చీకటి పడ్డాక ప్లాట్‌ఫారం మీద
ఎర్రగుడ్డ విప్పుకుంటూ కూర్చున్నాడు.
వచ్చే ఆదివారం వస్తావా అన్నా అన్నాను.
"సూద్దుం. ప్యాసింజర్ కన్నా నెమ్మదిగా ఎయ్యడం
ఇంకా నేర్సుకోవాల."

బండి నలభై నిమిషాలు లేటన్నారు.
అతను బూట్లు విప్పేశాడు.